పేరులేని మంగళవారం

ఆ రోజుల్లో మా ఊళ్ళో వారాలకు క్యాలెండర్లో ఉండే పేర్లు కాక ఇంకో వరస పేర్లుండేవి. అవి మున్సిపాలిటీ వల్ల వచ్చిన పేర్లు. సోమవారం అంటే మోరీల రోజు (మురికికాలువను ఇక్కడ మోరీ అంటారు, నేనూ అలాగే అంటాను, ఇన్నేళ్ళున్నాక ఇంకేమనను?). బుధవారం బండి రోజు, అంటే ట్రాక్టరొచ్చి చెత్త ఎత్తే రోజు. గురువారం పొగ రోజు, దోమలకు మందు కొట్టేవాళ్ళు. శుక్రవారం లైట్ల రోజు. ఇద్దరు మనుషులు నిచ్చెన మోసుకుంటూ వచ్చి మాడిపోయిన బల్బులు మార్చేవాళ్ళు, అవి ఆదివారానికి మళ్ళీ మాడిపోయేవి. శనివారం సంత రోజు. అడవి పల్లెల వాళ్ళు ఇప్పపువ్వూ చింతపండూ చీపుర్లూ నెత్తిన పెట్టుకుని దిగేవాళ్ళు. ఆదివారం పొద్దున సంత ఊడ్చే రోజు. "నీ కొడుకు ఎప్పుడు పుట్టిండే?" అంటే "బండి రోజు, పొద్దుగాల" అని చెప్పుకునేవాళ్ళు. "పొగ రోజు పెళ్ళిచూపులు పెడతరా ఎవరన్నా, పిల్ల మొకం కనపడొద్దా?" అని వియ్యాలవారి మీద విసుక్కునేవాళ్ళు. ఒక్క మంగళవారానికే పేరు లేదు. ఆ పేరులేని మంగళవారమే నా కొంప ముంచింది.

ఊరి పేరు చెప్పను. ఇల్లందు వైపు, అడవి అంచున, బొగ్గు బావులున్న ఊరు, అంతవరకు చాలు. ఎనభైల్లో నేను అక్కడి మున్సిపల్ ఆఫీసులో ఆరు నెలల టెంపరరీ మీద టైపిస్టుగా చేరాను. మాది మధిర వైపు. "ఏమండీ, రండి, కూర్చోండి" అని నేనంటే ఆఫీసంతా తలెత్తి చూసేది. నన్ను బస్సెక్కిస్తూ మా నాన్న ఒకటే మాటన్నాడు. "ఆరు నెలలు చూస్తా. పర్మనెంటు చేస్తే సరేసరి. చెయ్యకపోతే మూటాముల్లె సర్దుకుని వచ్చెయ్. మీ మేనమామ కబురు మీద కబురు పెడుతున్నాడు." మేనమామ కొడుక్కి పత్తి వ్యాపారం. మంచివాడే. కాకపోతే మనతో మాట్లాడుతూ కూడా కాటా వైపే చూస్తుండేవాడు.

బావ మీద కోపం కాదు నాకు. నా బాధంతా కుర్చీ గురించి. ఆఫీసులో నాకొక కుర్చీ ఇచ్చారు. ఒక చెయ్యి విరిగింది, కూర్చుంటే కుడివైపుకు ఒరుగుతుంది. అయినా పుట్టి బుద్ధెరిగాక "ఇది నీది" అని నాకు దొరికిన మొదటి వస్తువు అదే. ఇంట్లో మంచం చెల్లెలితో, దువ్వెన అందరితో. ఈ కుర్చీ మాత్రం నేను సెలవు పెట్టినా నాకోసం ఖాళీగా ఉండేది. అది పోతుందేమోననే నా భయమంతా. కమిషనర్ గారిని మేము పెద్దసారు అనేవాళ్ళం. ఐదో నెలలో ఆయన పిలిచి, "వచ్చే మంగళవారం పైనుంచి ఇన్‌స్పెక్షనుకు పెద్దాఫీసరు వస్తున్నాడమ్మా. అది బాగా జరిగిందనుకో, నీ ఫైలు ఆయనతోనే సంతకం పెట్టించి పంపిస్తా. జరగలేదనుకో..." అని ఆపేశారు. ఆపిన చోట మా బావ కాటా కనిపించింది నాకు.

శనివారం శనివారం నేను కొట్టే కాగితాల్లో ముఖ్యమైనది వారం పట్టిక. ఏ రోజు ఏ శాఖ ఏ వీధిలో ఏం పని చెయ్యాలో అందులో ఉండేది. అది టైపు కొట్టి, ఒక కాపీ నోటీసు బోర్డుకి, ఒకటి శానిటేషన్ మేస్త్రికి, ఒకటి నల్లాలు విప్పే మనిషికి ఇచ్చేదాన్ని. హెడ్ క్లర్కుని పొడిసారు అనేవాళ్ళం, ముక్కుపొడి పుణ్యాన. ఆయన మొదటి రోజే చెప్పాడు: "పాతది ముందర పెట్టుకో, చూసి కొట్టు. తారీఖు తప్ప ఒక్క అక్షరం మార్చకు." ఐదు నెలలు అలాగే కొట్టాను. కానీ ఆ వారం పెద్దాఫీసరు వస్తున్నాడన్న ఆరాటంలో పట్టికను మొదటిసారి చదివాను. (కొట్టడం వేరు, చదవడం వేరు. టైపిస్టుల్ని అడగండి, చెబుతారు.) సోమవారం గడిలో "బజారు వీధులు, మోరీలు తీయుట" అని ఉంది. బుధవారం గడిలో "తీసిన మట్టి ఎత్తుట" అని ఉంది. మధ్యలో మంగళవారం గడి ఖాళీ! అంటే మోరీలోంచి తీసిన నల్లటి మట్టి రెండు రోజులు రోడ్డు పక్కన కుప్పలుగా పడి ఉంటుందన్నమాట. అవును కదా, రోజూ వాటి మీంచి దూకే కదా నేను ఆఫీసుకొచ్చేది! ఇది సోమరితనం కాకపోతే ఏమిటి? పైగా పెద్దాఫీసరు వచ్చేది మంగళవారమే. బజారంతా కుప్పలు చూసుకుంటూ వస్తాడు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా? అక్కడికక్కడే పట్టిక మార్చేశాను. సోమవారం పొద్దున మోరీలు తీయాలి, సోమవారం మధ్యాహ్నమే మట్టి ఎత్తాలి, మంగళవారం నాటికి బజారు అద్దంలా ఉండాలి. శీర్షికలు ఎర్ర రిబ్బనుతో కొట్టాను, కింద డబల్ గీత. పెద్దసారుకి చూపిస్తే కళ్ళద్దాలు పైకి నెట్టి చూసి, "భేష్! ఇన్నేళ్ళుగా ఒక్కడికన్నా తట్టిందా ఇది?" అని సంతకం చేశారు. పొడిసారు మాత్రం చిటికెడు పొడి ఎక్కించి, "ఖాళీ గడి ఊరికే ఉండదమ్మా" అన్నాడు. ఆయనది అసూయ అనుకున్నాను. నా కుందేలుకు అప్పటికి మూడే కాళ్ళు.

మేస్త్రి సంగతి చెప్పాలి. అరవైకి దగ్గర పడ్డ మనిషి, సన్నగా, గోచీ బిగించిన పంచె, భుజాన తువ్వాలు. ఆయన్ని అందరూ మడమ మేస్త్రి అనేవాళ్ళు. కుంటుతాడేమో, అందుకే ఆ పేరేమో అనుకున్నాను. కుంటడు. అయితే ఎందుకా పేరని నేను అడగనూ లేదు. కాపీ ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసి, చదువు రాదు గనక నాచేతే చదివించుకున్నాడు.

విన్నాక కాసేపు తల గోక్కున్నాడు. "టైపమ్మా, మట్టి ఆరాలెనమ్మా. పచ్చిది ఎత్తితే కారుతది."

"ఆఫీసు ఆర్డరు మేస్త్రీ. పెద్దసారు సంతకం ఉంది చూడండి."

"అట్లనా." కాగితం మడిచి తువ్వాలు కొంగులో కట్టుకున్నాడు. "ఆర్డరొస్తే ఎత్తుతం మరి."

ఆయన్ని గెలిచానన్న తృప్తితో ఆ పూట రెండు చాయ్‌లు తాగాను.

సోమవారం వచ్చింది. మార్చి ఎండ. పొద్దున్నే సఫాయి అక్కలు పదిమంది పారలతో దిగి మోరీలు తీశారు. బొగ్గు ఊరు కదా, మా మోరీల్లో మట్టి కాటుక కన్నా నలుపు, పాయసం కన్నా పలుచన. మధ్యాహ్నం భోజనం వేళ దాటగానే ట్రాక్టరు ఎక్కించారు. చెత్త పోసే చోటు ఊరికి అవతల. అక్కడికి పోవాలంటే బజారు, బస్టాండు, మా ఆఫీసు, అన్నీ దాటి పోవాలి. మొదటి ట్రిప్పు పోయింది. నేను కిటికీలోంచి ట్రాక్టరు చూశాను గానీ రోడ్డు చూడలేదు. రెండో ట్రిప్పు పోయింది. మూడో ట్రిప్పు పోతుంటే పొడిసారు కిటికీ దగ్గర నిలబడి, "రామ రామ" అన్నాడు. ఏమిటా అని లేచి చూశాను.

ట్రాక్టరు డబ్బా వెనక తలుపు సందుల్లోంచి, అడుగు పలకల్లోంచి ధారలు ధారలుగా కారుతోంది. బజారు నుంచి మా గేటు వరకు నడిరోడ్డు మీద బెత్తెడు వెడల్పున నల్లటి చార. బస్సులు దాన్ని తొక్కి ఇటూ అటూ ఇంకో నాలుగు చారలు వేశాయి. బడి వదిలిన పిల్లలు దాని మీద గెంతులాట మొదలుపెట్టారు. కిళ్ళీకొట్టాయన తన అరటిపళ్ళ మీద గోనెసంచి కప్పి మున్సిపాలిటీ ఏడు తరాలనీ తిడుతున్నాడు. ఆపమని చెప్పడానికి నేను మెట్లు దిగేసరికి నాలుగో ట్రిప్పు వచ్చేసింది. సరిగ్గా మా గేటు ముందు ఒక మేక అడ్డం వచ్చింది. డ్రైవరు బ్రేకు వేశాడు. మేక బతికింది. డబ్బా వెనక తలుపు కొక్కెం ఊడిపోయింది.

ఆ మట్టి ఎంత మర్యాదగా దిగిందో ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. చప్పుడు లేదు, తొందర లేదు, అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా మెల్లగా దిగి, "మున్సిపల్ కార్యాలయము, స్వాగతము" అన్న బోర్డు కింద పరుచుకుంది. పెద్దసారి జీపు టైర్లు సగం మునిగాయి.

పెద్దసారు బయటికొచ్చారు. "రేపు పొద్దున పదింటికి ఆఫీసరొస్తున్నాడు! ఎవరు, ఎవరు ఎత్తమన్నారు పచ్చి మట్టిని?" అని మేస్త్రి మీద విరుచుకుపడ్డారు. మేస్త్రి చేతులు కట్టుకుని, "ఆర్డరొచ్చింది సారూ, ఎత్తినం" అన్నాడు. ఎవరి ఆర్డరో చెప్పలేదు. నా వైపు కనీసం చూడనైనా లేదు. నేను చెప్పాలి కదా? నోరు తెరిచాను, కుర్చీ గుర్తొచ్చింది, మూసుకున్నాను. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది, కానీ మూసుకున్న మాట నిజం. అంతలో పెద్దసారికే సంతకం గుర్తొచ్చినట్టుంది. గొంతు తగ్గించి నా వైపు ఒక్క చూపు చూసి లోపలికి వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది.

నీళ్ళ టాంకరు తెప్పించి కడిగేద్దామన్నాడు పొడిసారు. "నీళ్ళు పోస్తే ఊరంతా పారుతది సారూ," అన్నాడు మేస్త్రి. "బూడిద కావాలె. పొడి బూడిద పోస్తే తడి గుంజుకుంటది. పొద్దుగాలకు అట్టుపెచ్చు లెక్క లేస్తది." బొగ్గు ఊళ్ళో బూడిదకేం కరువు? ఇంటింటికీ బొగ్గు పొయ్యే. సఫాయి అక్కలు తలా ఒక వీధికి తట్టలు పట్టుకుని బయల్దేరారు. నేనూ ఒక తట్ట తీసుకున్నాను. ఎవరూ రమ్మనలేదు, వద్దనలేదు. మొదట నేను కిరాయికుండే ఇంటికే వెళ్ళాను. ఇల్లుగల పెద్దమ్మ వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతోంది.

"పెద్దమ్మా, మీ పొయ్యిలో బూడిద కావాలి."

"ఏంది బిడ్డా, గిన్నెలు తోముతవా?"

"రోడ్డు తోమాలి."

సంగతంతా విని చాట పక్కన పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "అయ్యో నీ సదువు సల్లగుండ! మోరీ మట్టి ఆరాలెనని మా మూడేండ్ల మనవరాలికి గూడ ఎరకే గదనే! అడుసు తొక్కనేల, కాలు కడగనేల?" అంటూనే లేచి తట్టెడు బూడిద ఎత్తింది. పైగా గోడ మీంచి పక్కింటికి, పక్కింటి నుంచి అవతలింటికి కేకేసింది: "మా టైపు పిల్ల ఊరంత ఆగం చేసిందట, ఉన్న బూడిదంత తెండ్రి!" అలా నా కీర్తి సాయంత్రానికల్లా గల్లీ గల్లీకీ పాకింది. బూడిద మాత్రం బాగా వచ్చింది. చీకటి పడేలోగా చార పొడవునా, గేటు ముందూ మందంగా పరిచేశాం. నల్లటి ఊళ్ళో తెల్లటి రోడ్డు.

తెల్లవారుజామున ఐదింటికి బావిలో పొద్దటి షిఫ్టు కూత పడకముందే చీపురు పట్టుకుని వెళ్ళాను. మేస్త్రి అప్పటికే గేటు దగ్గరున్నాడు. బూడిద చల్లిన మట్టి మీద ఒక చోట ఆగాడు, చెప్పు విడిచాడు, కుడికాలి మడమ ఆనించి మెల్లగా నొక్కి తీశాడు. వంగి ఆ గుర్తును చూశాడు. ఇంకో నాలుగడుగులు వేసి మళ్ళీ నొక్కాడు.

"ఏం చూస్తున్నారు మేస్త్రీ?"

"మడమ దిగిన తాన నీళ్ళూరితే పచ్చి ఉన్నట్టు. ఊరకుండ అంచులు పగిలితే ఎత్తొచ్చు. చూడు, పగిలింది. ఊడ్వుండ్రి!" అని అక్కలకు కేకేశాడు.

ఆ పేరు ఎందుకొచ్చిందో అప్పుడు తెలిసింది. ఐదు నెలలు ఆయన పేరు పట్టికలో కొడుతూ, అడగాలని తోచని మనిషిని నేను. పెచ్చులు పెచ్చులుగా లేస్తున్న మట్టిని ఊడుస్తూ, ఉండబట్టలేక అడిగాను. "నాకు గట్టిగా ఎందుకు చెప్పలేదు మేస్త్రీ? రెండోసారి చెప్పి ఉంటే వినేదాన్నేమో."

"రెండోసారి చెప్తే ఎదురు చెప్పినట్టయితది టైపమ్మా." మామూలుగానే అన్నాడు, నిష్ఠూరం లేదు. "పైనోళ్ళు ఎవరన్నా రెండోసారి అడిగితే చెప్తుంటి. ముప్పై ఏండ్ల సంది ఎవరూ అడగలే."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బూడిద పడిందని చెప్పి తుడుచుకున్నాను.

పదింటికి పెద్దాఫీసరు వచ్చాడు. పొట్టి మనిషి, తెల్ల బట్టలు. రోడ్డు చూసి, "ఇంత శుభ్రంగా ఈ జిల్లాలో ఇంకెక్కడా చూడలేదండీ" అన్నాడు. పెద్దసారు ఊపిరి పీల్చుకున్నారు. పుస్తకాలు చూశాడు, చాయ్ తాగాడు, వెళ్ళడానికి లేచాడు. లేచినవాడు తిన్నగా వెళ్ళొచ్చు కదా? నోటీసు బోర్డు ముందు ఆగాడు. నా ఎర్ర శీర్షికలు అంత దూరానికే రమ్మని పిలుస్తున్నాయి మరి. చదివాడు. కళ్ళు చిట్లించి మళ్ళీ చదివాడు.

"మోరీ తీసిన రోజే ఎత్తుతారా? ఆరకుండానే? ఈ పట్టిక ఎవరు తయారు చేశారు?"

పెద్దసారు పొడిసారును చూశారు. పొడిసారు పొడిడబ్బాను చూశాడు. తలుపు దగ్గర మేస్త్రి చేతులు కట్టుకుని ఎప్పటిలాగే నేల చూస్తున్నాడు. మళ్ళీ అడిగితే "ఆర్డరొచ్చింది, ఎత్తినం" అని ఆయనే మోస్తాడని నాకు అర్థమైపోయింది. నా కుర్చీకేసి ఒకసారి చూసుకున్నాను. పాపం, కుడివైపుకు ఒరిగి ఉంది.

"నేనే సార్," అన్నాను. "మేస్త్రి వద్దన్నాడు. నేను వినలేదు. నిన్న రోడ్డంతా పాడు చేశాను. మీరు చూసిన శుభ్రం నాది కాదు సార్, వీళ్ళది. రాత్రికి రాత్రి బూడిద పోసి కాపాడారు."

పెద్దసారు కళ్ళు మూసుకున్నారు. ఆఫీసరు బయటికి నడిచాడు. మేమంతా వెనకే. గేటు పక్కన ఊడ్చి పెట్టిన కుప్ప దగ్గర ఆగి, తెల్లటి ప్యాంటు కాస్త పైకి లాక్కుని, నున్నగా పాలిష్ చేసిన బూటు మడమతో కుప్ప అంచున నొక్కి, వంగి చూశాడు. మేస్త్రి పక్కకొచ్చి తనూ వంగాడు. ఇద్దరూ ఆ గుర్తునే చూస్తున్నారు.

"ఎత్తొచ్చు," అన్నాడు ఆఫీసరు.

"ఎత్తొచ్చు సారూ," అన్నాడు మేస్త్రి.

ఆ ఆఫీసరు శానిటరీ ఇన్‌స్పెక్టరుగా ఉద్యోగం మొదలుపెట్టిన మనిషట! ఆ సంగతి మా ఆఫీసులో ఒక్కరికీ తెలియదు. జీపు ఎక్కబోతూ నన్ను పిలిచి, "అమ్మాయ్, పట్టిక మళ్ళీ కొట్టు. ఈసారి మేస్త్రిని పక్కన కూర్చోబెట్టుకుని కొట్టు" అన్నాడు. అంతే. ఫైలు మాట ఎత్తలేదు. నాన్నకు ఏమని ఉత్తరం రాయాలా అని మూడు వారాలు ఏడుస్తూ గడిపాను. నాలుగో వారం ఆయన నోటు వచ్చింది. రోడ్ల గురించి పేజీన్నర, చివర నా గురించి ఒకే ముక్క: "టైపిస్టు నిజము చెప్పును, నేర్పిన నేర్చుకొనును. కొనసాగించవచ్చును." పొడిసారు దాన్ని పైకి చదివి, ఆనందంతో రెండు ముక్కుల్లోనూ పొడి ఎక్కించి పదిహేనుసార్లు తుమ్మాడు. (మా బావనే చేసుకున్నాను చివరికి. కానీ పర్మనెంటు ఆర్డరు చేతిలో పట్టుకుని చేసుకున్నాను. కాటా ఆ పూటకి నా వైపు మొగ్గింది.)

పట్టిక మాత్రం ఇన్‌స్పెక్షన్ రోజు మధ్యాహ్నమే మళ్ళీ కొట్టాను. మేస్త్రి వద్దంటున్నా నా కుర్చీలో బలవంతంగా కూర్చోబెట్టాను, అది కుడివైపుకు ఒరుగుతుంటే బెంచీ పట్టుకుని కూర్చున్నాడు. సోమవారం అయింది, మంగళవారం గడి దగ్గర ఆగాను. "ఇక్కడ ఏం కొట్టమంటారు?"

"ఆరే రోజు," అన్నాడు.

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు రాయలేదు?"

"అందరికీ ఎరుకైనదాన్ని ఎవరు రాస్తరు టైపమ్మా?"

కొట్టాను. అప్పటినుంచి మా ఊళ్ళో మంగళవారానికీ పేరొచ్చింది. మేస్త్రి రిటైరై, తర్వాత కొన్నేళ్ళకు పోయాడు. నేను సూపరింటెండెంటు దాకా వెళ్ళి రిటైరయ్యాను. ఆ మధ్యలో ఎన్ని పట్టికలు మార్చినా రెండోసారి అడక్కుండా మార్చలేదు.

మొన్న వానలకు ముందు మా గల్లీలో మోరీ తీశారు. ఇప్పుడంతా కాంట్రాక్టు, మనుషులెవరో తెలియదు. మర్నాడు పొద్దున్నే ట్రాక్టరు వచ్చి ఆగింది. చాయ్ గ్లాసు పక్కన పెట్టి దిగాను. మోకాళ్ళు మూలిగాయి, అయినా దిగాను. చెప్పు విడిచి, గోడ పట్టుకుని, కుప్ప మీద మడమ ఆనించి నొక్కాను. గుర్తులో నల్లగా నీళ్ళూరాయి.

"ఇంకా పచ్చిగా ఉంది నాయనా. రేపు రా," అన్నాను.

డ్రైవరు స్టీరింగు మీద చెయ్యి పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వెవరు పెద్దమ్మా?"

రిటైర్డ్ సూపరింటెండెంటునని చెబుదామని నోరు తెరిచాను. ఎందుకో మనసొప్పలేదు.

"మేస్త్రిని," అన్నాను.

అతనేమనుకున్నాడో ఏమో, "అట్లనా" అని బండి వెనక్కి తిప్పుకున్నాడు. లోపలికొచ్చి కాలు కడుక్కుంటుంటే, ఎందుకంత నవ్వుకుంటున్నావని మా ఆయన అడిగాడు. ఆ రోజు మంగళవారమని చెప్పాను.